దక్షిణపు గోడ

మే నెలాఖరుకి ఇల్లు ఒళ్ళు విరుచుకుంటుంది.
వాసాలు ఒకటొకటే చిటుక్కుమంటాయి.
అటక మీది వాల్‌నట్ కాయల సంచిలో
ఎవరో కాయలు అటూ ఇటూ జరుపుతుంటారు.
"ఎలకలు" అంటాడు వెండెల్.
"మా ఆయన" అంటుంది ఎతెల్కా, నవ్వకుండా,
"లెక్క చూసుకుంటున్నాడు."

ఈ ఇంటికి మేం డబ్బు అద్దె కట్టం.
వేసవికో గోడ, అదీ ఎతెల్కాతో ఒప్పందం.
మట్టీ, గోధుమ పొట్టూ, కాస్త గుర్రప్పేడా
కాళ్ళతో తొక్కి, మెత్తి, పైన సున్నం కొట్టాలి.
ఉత్తరం అయింది. పడమర అయింది.
తూర్పు గోడ ఏడు నాకు భుజం పట్టేసింది.
మిగిలింది దక్షిణం.

టిసా నదికి కాస్త ఎడంగా ఉంటాం,
కొండ అనే మాటే ఎరగని బయల్లో.
ఇక్కడ ఎండకి అడ్డొచ్చేది మనుషులే.
మధ్యాహ్నం కిటికీ రెక్కలు మూసేసి
పెరట్లో, వేసవి వంటింట్లో చేరతాం.
పుల్ల చెర్రీలకి గింజలు తీస్తుంటే
మోచేతుల దాకా ఎర్రటి రసం.
కందిరీగలు పిలవని పేరంటానికొచ్చి
గిన్నె అంచున బారులు తీరతాయి.
బోరి వాటిని లెక్కపెడుతుంది.
పదిహేడు దాటితే దానికి అంకెలు రావు,
మళ్ళీ ఒకటి నుంచి.

లిండెన్ చెట్టు మొదట్లో ఎర్ర పురుగులు,
వీపు మీద నల్ల ముసుగు బొమ్మతో.
తోకా తోకా అతుక్కుని
ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి నడుస్తాయి.
"ఎటు పోవాలో ఎవరు చెప్తారు?" అని బోరి.
"లావుగా ఉన్నది చెప్తుంది" అన్నాడు వెండెల్.
నేనో చెర్రీ గింజ అతని మీదికి విసిరాను.

జూన్ రెండో సోమవారం తట్టలో మట్టి సిద్ధం.
తాపీ పట్టుకుని వెండెల్ గోడ ముందు నిలబడ్డాడు.
నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.
నడుమెత్తు దాకా గోడంతా బెజ్జాలు,
పెన్సిలు దూరేంత,
ఒక్కోదానికీ కిందికి వంగిన చిన్న మట్టి తూము.
బూడిదరంగు బొచ్చు తేనెటీగలు
నోట నీళ్ళు తెచ్చి, గోడ నానబెట్టి,
తవ్విన మట్టినే గుమ్మానికి పులుముతున్నాయి.
మా పనే. మాకంటే నున్నగా.

"తుట్టె లేదు, రాణీ లేదు,
దేని కాపురం దానిదే" అంది ఎతెల్కా,
బీన్స్ తుంచడం ఆపకుండా.
"మా అత్తగారు ఏటా పూడ్చేది. ఏటా ఓడేది.
ఆవిడ పోయింది."
"మరి అద్దె?" అన్నాను.
ఆవిడకి చెముడు,
డబ్బు మాటలు అసలే వినపడవు.

వెండెల్ మెత్తడం మొదలుపెట్టాడు. మాటంటే మాటే కదా.
బెజ్జాలు లేని చోట చకచకా,
ఉన్న చోటికొచ్చేసరికి చేయి బరువెక్కి,
ఆఖరికి దుప్పటంత మేర వదిలేశాడు.
అయినా అంచున నాలుగైదు గుమ్మాలు మూసుకుపోయాయి.
ఆ రాత్రి ఇంటి లోపల
గోడకి చెవి ఆనించి పడుకున్నాడు.
"ఏమంటున్నాయి?"
"నీకంటే తక్కువే మాట్లాడుతున్నాయి."

మూడో పొద్దున బోరి కేక.
తెల్లటి కొత్త సున్నం మీద ఒక నల్ల చుక్క,
చుక్కలోంచి రెండు మీసాలు.
లోపలినుంచి నమిలి, నమిలి, తల బయటపెట్టి
పెళ్ళికూతురులా పౌడరు మొహంతో
కాసేపు ఎండ కాచుకుని
తిన్నగా బీన్స్ పూల మీదికి పోయింది.
మా పనితనం గురించి ఏమీ అనలేదు.

ఎతెల్కా చేతికర్రతో ఇల్లంతా చుట్టొచ్చింది.
దక్షిణం వైపు చూడనైనా చూడలేదు.
ఉత్తరపు గోడ దగ్గర ఆగి
బీటలోకి గోరు దూర్చి, తిప్పి,
"ఇది పగిలిందర్రా!" అంది.
అంత సంబరంగా ఆ మాట ఎవరైనా అనగా నేను వినలేదు.
వెండెల్ వంగి బీట పొడవు జానలతో కొలుస్తున్నాడు,
బోరి వాడి వెనకే పదిహేడు దాకా లెక్కపెడుతోంది,
నేనూ వాళ్ళ పక్కన చేరి తల ఊపుతుండగా

పెరటివైపు నుంచి మాడు వాసన.
జామ్ అడుగంటింది.
కందిరీగలు కూడా లేచి పోయాయి.